కియాజికి కాపలా

జూన్ 4

కొత్త డాక్టరు దిగాడు. పశువుల డాక్టరు. పేరు సిమియు. పడమటి వైపు బుకుసు తెగ వాళ్ళ అబ్బాయి, పొడగరి, నోరు మూతపడదు. సరుకుల లారీ దిగీ దిగకముందే వంటాయన ఎకాల్‌ని "తాతా" అంటూ కావిలించుకున్నాడు, చిన్నప్పుడు ఆయన చంకలో పెరిగినట్టు. మా ఆవిడ కథాంబి దగ్గరకెళ్ళి, "మీరు రాసినవన్నీ చదివాను మేడమ్, అందుకే ఇక్కడికి వేయించుకున్నాను" అన్నాడు. నా దగ్గరకొచ్చి, "బాగున్నావా అన్నా" అన్నాడు. అంతే.

బబూన్ కోతుల మీద పనిచేసేవాడెవడైనా ముందు నా వ్యాసం చదివి తీరాలి. ఆడదానికి కాపలా కాసే రోజుల్లో మగ బబూన్ తిండి మానేసి ఎలా చిక్కిపోతుందో ఆరేళ్ళు ఈ కొండల్లో తిరిగి రాశాను. ఈయన మొగుడి పని వదిలేసి పెళ్ళాం పని చదువుకుని వచ్చాడట.

కోపంతో రాయడం లేదు. చూసింది చూసినట్టు రాయడం నా వృత్తి.

జూన్ 5

ఎకాల్ చపాతీలు చేశాడు, డాక్టరొచ్చిన సంబరానికి. నేనొచ్చిన రోజున ఉడికించిన మొక్కజొన్నలూ చిక్కుడుగింజలూ పెట్టాడు. బాగా గుర్తు.

జూన్ 9

మా గుంపులోకి కొత్త మగాడొచ్చాడు. ఉదయం బబూన్లు పడుకునే కొండ దిగుతుంటే నేనే ముందు చూశాను. ముందు చూసినవాళ్ళదే పేరు పెట్టే హక్కు. వంటింటి పేర్లే పెట్టాలన్నది ప్రొఫెసర్ న్యాంబురా మొదటి నుంచీ పెట్టిన నియమం. మిరపకాయ పేరు గుంపు పెద్దకు పెట్టి పిలిపిలి అంటున్నాం, అల్లం పేరు మా మంచి ఆడదానికి పెట్టి తంగవిజి అంటున్నాం. కొత్తవాడు పొడుగ్గా, మెరిసే బొచ్చుతో, ఎవరినీ ఖాతరు చెయ్యకుండా వచ్చి నాగజెముడు పొద దగ్గర కూర్చున్నాడు. వచ్చీ రాగానే పండు కోసుకున్నాడు. కియాజి అని పెట్టాను. బంగాళాదుంప.

డాక్టరు విని పగలబడి నవ్వాడు. "అంత అందగాడికి దుంప పేరేంటన్నా? పాపం, నిన్నేం చేశాడు?"

"వచ్చాడు, చాలదా?" అన్నాను.

కథాంబి నా వైపు చూసింది. నవ్వలేదు.

పిలిపిలిని చూస్తే నాకు గౌరవం. ముక్కు మీద పాత గాటు, నిదానమైన నడక. కియాజి లాంటివాళ్ళు ఎంతమంది వచ్చి వెళ్ళలేదు. వస్తారు, కోరలు చూపిస్తారు, పోతారు.

జూన్ 12

పనులు మారిపోయాయి. నైరోబి నుంచి ప్రొఫెసర్ ఫోన్లో చెప్పిందట. డాక్టరు జంతువుల మలం ఏరి, ఏ జంతువులో ఆందోళన ఎంతుందో కొలుస్తాడు. ఏది ఎవరిదో చెప్పడానికి మనిషి కావాలి. కథాంబి వెళ్ళాలి. నేను లోయ అవతలి గుంపుకు పోవాలి. పేర్లు చెప్పడానికి నేను పనికిరానా? ఈ గుంపులో ఎవరినైనా వెనక నుంచి చూసి చెప్పేస్తాను.

సాయంత్రం ఇద్దరూ సీసాల నిండా సరుకుతో వచ్చారు. నవ్వుకుంటూ. మలం ఏరడంలో అంతగా నవ్వుకోవడానికి ఏముంటుంది?

అడిగాను.

"ఏం లేదు కినోటీ, డాక్టరు టోపీ తీసి రాయి మీద పెడితే పిలిపిలి సరిగ్గా దాంట్లోనే..." అని కథాంబి మళ్ళీ నవ్వింది. చెప్పడం పూర్తి చెయ్యలేకపోయింది.

నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయింది? పెళ్ళిరోజున నవ్వింది, మా సొంతూరు మేరులో, మా మేనమామ తెచ్చిన మేక తాడు తెంపుకుని పాస్టరుగారి మీదికి దూకినప్పుడు. ఆ తర్వాత కూడా నవ్వే ఉంటుంది. నేను రాసుకోలేదు.

జూన్ 13

ఆ నవ్వు గురించి ఈ రోజు ఆలోచించలేదు.

జూన్ 17

భోజనాల దగ్గర, డాక్టరు వింటుండగా, కథాంబి మొదలుపెట్టింది.

"కినోటీ, కాపలా రోజుల్లో మగాడు తిండి మానేస్తాడని రాశావు కదా. ఆ రోజుల్లో ఆడదేం తింటుందో ఎప్పుడైనా చూశావా?"

"దానికేం, శుభ్రంగా తింటుంది. ముందు నడిచేది అది, వెనక తిరిగేది వీడు."

"శుభ్రంగానా? తంగవిజి పండు కోయబోతే పిలిపిలి అడ్డంగా వచ్చి నిలబడతాడు. దాని స్నేహితురాళ్ళు బొచ్చు దువ్వడానికి వస్తే తరిమేస్తాడు. ఆ రోజుల్లో దాని పక్కన ఒక్క ప్రాణి ఉండదు, వాడు తప్ప. పాత లెక్కలన్నీ తీసి చూశాను. అదీ వాడిలాగే చిక్కిపోతోంది. ఎవరూ రాయలేదు, అంతే."

"మలం కూడా అదే చెప్తోందన్నా" అన్నాడు డాక్టరు, మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "పిలిపిలిలో ఉన్న ఆందోళన కంటే తంగవిజిలోనే ఎక్కువ."

"తినేటప్పుడు ఆ మాటలెందుకయ్యా, నేను వండింది ఏమనుకుంటున్నారు?" అని ఎకాల్ విసుక్కున్నాడు. ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ పనిని నా కంచం ముందే కూర్చుని ఇద్దరూ కలిసి కూలదోస్తున్నారు. ఆ పాత లెక్కలు ఆవిడ ఎప్పుడు చూసింది? ఎవరితో కూర్చుని చూసింది? నాతో కాదు. నా పక్కన కూర్చుని చెయ్యాల్సిన పని వాడి పక్కన కూర్చుని చేసింది. ఆవిడ చెప్పింది తప్పని నిరూపించగలను. రేపు మొదలుపెడతాను.

జూన్ 18

మొదలుపెట్టలేదు.

జూన్ 21

మోకాలు పట్టేసింది, లోయ ఎక్కి దిగలేనని ప్రొఫెసర్‌కు చెప్పి ఇవతలి గుంపుకు మార్పించుకున్నాను. మోకాలు నిజంగానే కొంచెం పట్టేసింది.

మా పనిలో పద్ధతి ఒకటే. ఒక జంతువును ఎంచుకుంటే ఆ పది నిమిషాలూ దాన్నే చూడాలి, అది చేసిందే రాయాలి. పక్కన పిడుగు పడినా తల తిప్పకూడదు. ఈ రోజు నేను చూడాల్సింది పిలిపిలిని. నేను రాసిన కాగితం ఇలా ఉంది:

పిలిపిలి కూర్చున్నాడు. పిలిపిలి చెయ్యి నాకాడు. కథాంబి వంగింది. డాక్టరు దగ్గరకు జరిగాడు. కథాంబి ఏదో చూపించింది. డాక్టరు ఇంకా దగ్గరకు జరిగాడు. కథాంబి నీళ్ళ సీసా తీసి తాగింది. డాక్టరుకు ఇచ్చింది. తాగాడు. అదే సీసా. మూతి తుడవకుండా.

తర్వాత పిలిపిలి ఎటుపోయాడో తెలియదు. కాగితం చింపేశాను.

జూన్ 22

మోకాలు తగ్గింది. అయినా ఇవతలి గుంపుతోనే ఉంటాను. జాగ్రత్త మంచిది.

జూన్ 26

తంగవిజి ఎదకొచ్చింది, వెనకభాగం ఎర్రగా పొంగింది. ఇక నాలుగైదు రోజులు పిలిపిలి కాపలా. అది ఎటు నడిస్తే అటు, ఒక చెయ్యి దూరంలో. అది కూర్చుంటే కూర్చుంటాడు, లేస్తే లేస్తాడు. కియాజి ఎదురుగా బండ మీద పడుకుని ఆవలిస్తున్నాడు. బబూన్ ఆవలింతంటే నిద్రమత్తు కాదు, కోరలు చూపించడం. పిలిపిలి పండు కోసి నోటి దాకా తెచ్చి, ఆ ఆవలింత చూసి, పండు పారేసి లేచాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత కష్టం! ఆడదానికి ఆ కష్టం కనపడితే కదా.

ఎకాల్ మధ్యాహ్నం నిలదీశాడు. "మాస్టారూ, నిన్న కూడా కంచం అలాగే వదిలేశారు. కూరలో ఉప్పు తగ్గిందా?"

"మిరా నమిలాను తాతా, ఆకలి లేదు."

అబద్ధం కాదు. మిరా ఆకు నమిలితే ఆకలి చస్తుంది, మా మేరు వాళ్ళకు అలవాటే. బెల్టుకు కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. పాత తోలు కదా, సాగిపోయింది.

జూన్ 30

ఉదయం గుడారంలో అడిగేశాను. "నీకూ డాక్టరుకూ మధ్య ఏమైనా ఉందా?"

బూట్లు కట్టుకుంటున్న కథాంబి ఆగింది. "ఉంది. మలం ఉంది. లెక్కలున్నాయి."

"హాస్యం కాదు."

"నేనూ హాస్యానికి అనలేదు. కినోటీ, నేను స్నానానికి వెళ్తే నీళ్ళ డ్రమ్ము దాకా వచ్చి నిలబడుతున్నావు. తెలుసా నీకా సంగతి?"

"పాములుంటాయని."

"పాములు!" అంది. రెండో బూటు తాడు ముడెయ్యకుండానే బయటికి వెళ్ళిపోయింది.

పాములుంటాయి. పోయినేడు ఎకాల్ ఒకటి చంపాడు.

జూలై 2

అంతా వరసగా రాయాలి. రాస్తే తేలికవుతుంది.

ఉదయం కియాజికి మత్తు సూది. రక్తం తీసి, పళ్ళు కొలిచి, మెడకు పట్టీ కట్టాలి. ఊదుగొట్టంతో సూది కొట్టేటప్పుడు ఆ జంతువూ చూడకూడదు, మిగతావీ చూడకూడదు. చూశాయంటే ఇక మనిషిని దగ్గరకు రానివ్వవు. డాక్టరు తుమ్మచెట్టు చాటునుంచి ఊదాడు. తొడలో దిగింది. కియాజి తేనెటీగ కుట్టిందనుకుని గోక్కున్నాడు, నాలుగడుగులు నడిచాడు, ఒరిగిపోయాడు. గోనెపట్టా కప్పి మోసుకొచ్చాం. బాగానే ఊదాడు, లేదనను.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. డాక్టరే కియాజిని బోనులో పెట్టి, గడియ వేసి, గడియలో పుల్ల దూర్చాడు.

"అన్నా, నువ్విక్కడ కాపలా ఉండు. పొద్దు కొండ వెనక్కి పోయేదాకా తలుపు తియ్యొద్దు. లేచి కూర్చున్నా నమ్మకు, ఇంకా తూలుతూనే ఉంటాడు. తూలేవాడు గుంపు కంటపడ్డాడా, మగాళ్ళు చీల్చేస్తారు."

నాకు చెప్తున్నాడు. బబూన్ల సంగతి నాకు.

"మేం గుండు ఎక్కి వస్తాం, ప్రొఫెసర్‌కు ఫోన్ చెయ్యాలి" అంది కథాంబి. ఫోను అందేది క్యాంపు వెనక ఉన్న ఆ పెద్ద రాతి గుండు మీదే. ఇద్దరూ ఎక్కారు. కథాంబి మెడలో దుర్భిణి వేలాడుతోంది.

బోను దగ్గర కూర్చుంటే గుండు కనిపిస్తుంది. రెండు తలలు. ప్రొఫెసర్‌తో అంతసేపు ఏం మాట్లాడతారు? ఒకరు మాట్లాడితే చాలదా? ఎండలో రెండు తలలూ ఒకటైనట్టు కనిపించాయి, విడిపోయాయి, మళ్ళీ ఒకటయ్యాయి. నేనేమో దుంపకు కాపలా. వాడు బోనులో ఉన్నంతసేపూ నేను కదలడానికి లేదు. నన్ను ఇక్కడ కట్టేసి వెళ్ళారు.

కియాజి లేచి కూర్చున్నాడు. కళ్ళు తెరిచాడు. కమ్మీ పట్టుకున్నాడు. మేలుకున్నాడనే అనిపించింది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

పుల్ల లాగి తలుపు తీశాను. గుండు దారి పట్టాను.

సగం దారిలో వెనక అరుపులు. గుంపు బోను పక్కనున్న నీళ్ళ తొట్టికి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. పిలిపిలి, ఇంకో ఇద్దరు మగాళ్ళు. నేను వెనక్కి పరుగెత్తి, రాళ్ళు విసిరి, రేకు డబ్బా వాయించి తరిమేసరికి కియాజి ఎడమ చెయ్యి మోచేతి కింద వేలాడుతోంది. అరవడం కూడా లేదు వాడు. మత్తు ఇంకా దిగలేదు. ఏం జరుగుతోందో తెలియనట్టు నన్నే చూశాడు.

కథాంబీ డాక్టరూ పరుగున దిగారు.

"ఏమైందన్నా?"

"నువ్వు గడియ సరిగ్గా వెయ్యలేదు" అన్నాను. "నేను నీళ్ళకు వెళ్ళొచ్చేలోగా వాడే తోసుకుని బయటికొచ్చేశాడు."

డాక్టరు నోరు తెరిచాడు. కథాంబి వైపు చూశాడు. మూసుకున్నాడు. పెట్టె తెచ్చి కియాజి పక్కన కూర్చుని కుట్లు వెయ్యడం మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు, మాటరాదు.

కథాంబి గోనెపట్టా పట్టుకుంది.

జూలై 3

కియాజి బతుకుతాడట. చెయ్యి పనికిరాదట.

బోను గడియ వెళ్ళి చూశాను. నిజంగానే కొంచెం వదులుగా ఉంది.

జూలై 5

ప్రొఫెసర్ నాతో మాట్లాడాలంది. గుండు ఎక్కాను.

"గడియ ఎవరు వేశారు కినోటీ?"

"సిమియు."

"నువ్వెక్కడున్నావు?"

"నీళ్ళకు వెళ్ళాను మేడమ్."

"ఇంకేమైనా చెప్పాలా?"

"లేదు మేడమ్."

"ఆలోచించుకుని చెప్పు బాబూ. తొందరేం లేదు."

ఆవిడకు వయసు మీద పడింది. అడిగిందే అడుగుతోంది.

జూలై 11

డాక్టరు వెళ్ళిపోయాడు! దక్షిణాన ఖడ్గమృగాల పనికి పంపించేశారు. గడియ సంగతి ప్రొఫెసర్ గట్టిగానే తీసుకుందన్నమాట.

లారీ ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీ మీద నాకేం కోపం లేదు."

"నా మీద కోపమెందుకుండాలి?"

"ఉండకూడదనే అంటున్నా." ఎకాల్‌ని కావిలించుకున్నాడు, ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. సొంత మనవడు పోతున్నట్టు ఏమిటా నాటకం.

కథాంబి చెయ్యి ఊపింది. లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా ఊపుతూనే ఉంది. దుమ్ముకు ఊపుతోందా?

జూలై 12

హాయిగా ఉంది. మూడు చపాతీలు తిన్నాను. గాలి కూడా చల్లబడింది.

జూలై 14

మధ్యాహ్నం తింటుండగా కథాంబి ఫోను పట్టుకుని గుండు వైపు వెళ్ళింది. కంచం పక్కన పెట్టి నేనూ ఎక్కాను. పైన గాలి బాగుంటుంది.

"ఎవరితో?"

"అమ్మతో."

ఆవిడ దిగాక నేను ఆగిపోయి అత్తగారికి చేశాను. "బాగున్నారా అత్తయ్యా, ఇందాక ఎవరైనా ఫోన్ చేశారా?" అన్నాను.

"నీ పెళ్ళామే చేసింది నాయనా. ఏం, పక్కన లేదా? ఏమైనా గొడవా?"

"అబ్బే, లేదు లేదు."

వాళ్ళమ్మతోనే మాట్లాడింది. కానీ అంతకుముందు ఇంకెవరితోనైనా మాట్లాడి ఉండొచ్చు కదా. అది అత్తగారికెలా తెలుస్తుంది?

జూలై 17

మళ్ళీ గుండు ఎక్కింది. ఎక్కాను. "ప్రొఫెసర్‌తో" అంది. నమ్మినట్టు తలూపాను.

వాడు పోతే ఇదంతా పోతుందనుకున్నాను. వాడు ఉన్నప్పుడైతే ఎక్కడున్నాడో కళ్ళకు కనిపించేవాడు. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఉన్నట్టుంది.

జూలై 20

కియాజి ఇప్పుడు గుంపు చివర. చితికిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని మూడు కాళ్ళ మీద నడుస్తాడు. చిన్న మగాళ్ళు కూడా వాడి చేతిలో పండు లాక్కుంటున్నారు. పిలిపిలికి ఎదురులేదు.

కాపలా రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఉదయం ఎండ కాగుతుంటే తంగవిజి లేచింది. పిలిపిలి ముందునుంచే నడిచింది. నేరుగా కియాజి దగ్గరకెళ్ళి కూర్చుని, కుట్ల చుట్టూ బొచ్చు విడదీసి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. పిలిపిలి ఆవలించాడు. మళ్ళీ ఆవలించాడు. అది తల తిప్పలేదు. కియాజి కళ్ళు మూసుకున్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. గెలిచినవాడు ఇక్కడుంటే చెయ్యి పోయినవాడిలో ఏం చూసింది?

"ఎందుకెళ్ళింది అది?" అన్నాను పైకే.

పక్కన రాసుకుంటున్న కథాంబి తలెత్తకుండా అంది: "ఈ రోజు దాన్ని ఎవరూ ఆపలేదు కదా. అందుకే."

"వాడు ఆపి ఉంటే?"

"ఆగిపోయేది. వెళ్ళాలని మాత్రం ఉండేది. నీ లెక్కల్లో ఆగిపోయిందని ఒక్కటే ఉంటుంది."

కియాజి చెయ్యి వైపు చూడలేక వేరే జంతువును ఎంచుకున్నాను.

జూలై 24

ఎకాల్ టీ తెచ్చి ముందు పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఏంటి తాతా?"

"ఏం లేదు మాస్టారూ. ఆ అమ్మాయి కళ్ళు చూశారా? ఉబ్బిపోయాయి."

"దుమ్ము పడిందేమో."

"అవును, దుమ్మే" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. నేనింకా తాగనేలేదు.

ఎవరి కోసం ఉబ్బాయి ఆ కళ్ళు? వెళ్ళిపోయినవాడి కోసమే. ఇంకెవరి కోసం?

జూలై 28

కథాంబి ఏమీ అడగడం లేదు. నేను వెళ్ళే చోటికి వస్తుంది, పక్కన కూర్చుంటుంది, చూస్తుంది. అడగదు.

ఆగస్టు 3

మధ్యాహ్నం గుడారంలోకి వెళ్తే సంచి సర్దుతోంది.

"రేపు లారీలో వెళ్తున్నాను. ఉత్తరాన, కొత్త గుంపు దగ్గరకు. కాపలా రోజుల్లో ఆడవాటికి ఏమవుతుందో చూసే పని ప్రొఫెసర్ నాకిచ్చారు. ఏడాది పని."

"మరి నేను?"

"నిన్ను రమ్మనాలనే ఉంది." చేతిలో స్వెట్టరు మడవకుండా పట్టుకుని నిలబడింది. "దానికి ముందు ఒకటి అడుగుతాను. ఆ రోజు బోను సంగతి, నాతో ఏమైనా చెప్పాలా నీకు?"

చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు, చెప్పడానికే తెరిచాను. బయటికొచ్చింది వేరే మాట.

"వాడు చెప్పాడా నీకు?"

కథాంబి మంచం మీద కూర్చుండిపోయింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను, గుండు మీద నుంచి. నువ్వు పుల్ల లాగడం చూశాను. తలుపు తీసి మా వైపు రావడం చూశాను. సిమియూ చూశాడు. నేనే చెప్పొద్దన్నాను."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"జంతువును చూస్తాం, కలగజేసుకోం. అదే కదా మన పని. కలగజేసుకుంటే అదంతట అది ఏం చేసేదో ఎప్పటికీ తెలియదు. నువ్వంతట నువ్వు ఏం చేస్తావో చూద్దామనుకున్నాను."

"నేనేం జంతువునా?"

"పెళ్ళాంగా అడిగితే పాములన్నావు."

నా దగ్గర ఉన్నది ఒక్క ప్రశ్నే. అడగకూడదని తెలుసు. అయినా అడిగాను.

"అక్కడికి సిమియు వస్తున్నాడా?"

కథాంబి స్వెట్టరు మడిచింది. సంచిలో పెట్టింది. మూసింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 4

వెళ్ళిపోయింది. ఎకాల్ దారిలో తినమని చపాతీలు కట్టిచ్చాడు. చెయ్యి ఊపిందో లేదో తెలియదు. నేను గుడారంలోనే ఉన్నాను.

ఆగస్టు 5

పనికి వెళ్ళలేదు.

ఆగస్టు 6

తెల్లారగానే గుండు ఎక్కి ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను.

"మేడమ్, కథాంబి చేరిందా?"

"చేరింది."

"ఒంటరిగానేనా?"

"అది కనుక్కోవడానికి చేశావా కినోటీ? సిమియు అక్కడ లేడు. ఖడ్గమృగాల దగ్గరే ఉన్నాడు. ఆ పని వాడు మీ దగ్గరకు రాకముందే ఒప్పుకున్నాడు. మీ దగ్గర ఉండాల్సింది ఆ కొన్నాళ్ళే. నేను పంపించేశాననుకున్నావా?"

"బోను గడియ గురించి..." అన్నాను.

"ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు బాబూ. మీ ఆవిడ నాతో ఫోన్లోనే ఉంది. 'అయ్యో, తలుపు తీసేశాడు' అని అరిచింది. నిన్ను అప్పుడే పంపించేద్దామన్నాను. వద్దంది. 'కొంచెం ఆగండి మేడమ్, ఆయనే చెప్తాడు' అంది. వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. నేను అడిగేదాన్ని, చెప్పాడా అని. 'ఇంకా లేదు మేడమ్, చెప్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు' అనేది. ఉత్తరాన పనికి నీ పేరు కూడా తన పక్కనే రాయించింది. మొన్న మూడో తారీకు సాయంత్రం చేసి, ఆ పేరు తీసేయమంది."

ఇంకేదో అంది. సరిగ్గా వినపడలేదు. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కింద గుంపు కొండ దిగి మేతకు పోతోంది, ఈ రోజు వాటి వెనక ఎవరూ లేరు.

నెలంతా కథాంబి ఈ గుండు మీదికొచ్చి నా తరఫున మాటిచ్చింది. ఆ నెలంతా ఎవడితో మాట్లాడుతోందో చూడాలని నేను ఆమె వెనకే ఎక్కాను.